ముందు కూర, తర్వాత పప్పన్నం

ఇంట్లో నలుగురైదుగురు చిన్నపిల్లలను చూసుకునేవారికి ఒక చిట్కా. నెయ్యి వేసిన పప్పన్నంతో కడుపు నిండాక కూర పెడితే ఎవరూ ముట్టరు. ఆకలి మీద ఉన్నప్పుడే, అన్నానికి 10 నిమిషాల ముందు, ఉడికించిన క్యారెట్టో బీన్సో చిన్న గిన్నెల్లో పెట్టండి. తలా రెండు మూడు ముక్కలు చాలు. ఇష్టంగా తినే పిల్లను మారాం చేసేవాడి పక్కన కూర్చోబెట్టండి. మనం ఎంత బతిమాలినా రాని ఫలితం అక్కడ వస్తుంది. వద్దంటే గిన్నె తీసేయండి. కొత్త కూర అలవాటు కావాలంటే 10, 15 సార్లయినా పెట్టాల్సి రావచ్చు. ‘తింటే చాక్లెట్ ఇస్తా’ అని మాత్రం అనకండి, కూర మీద ఉన్న కాస్త ఇష్టమూ పోతుంది. అన్నట్టు, నాలుగేళ్లలోపు వారికి పచ్చి క్యారెట్ ముక్కలు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడవచ్చు. వేలితో నొక్కితే మెదిగేలా ఉడికించాలి.