టెక్సస్ కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లకు టీఎస్ఐ పరీక్ష: ఎలా రాయాలి, ఎక్కడ ఆగిపోతున్నారు

డాలస్, ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల మన కుటుంబాలు పెరిగేకొద్దీ కమ్యూనిటీ కాలేజీల్లో చేరే తెలుగువాళ్లూ పెరుగుతున్నారు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్య/భర్తకిచ్చే వీసా) మీద వచ్చి మళ్లీ చదువుకుందామనుకునే గృహిణులు, ఇక్కడే ఇంటర్ వయసుకొచ్చిన పిల్లలు, రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివి తర్వాత యూనివర్సిటీకి మారదామనుకునేవాళ్లు. వీళ్లలో చాలామందికి ఎదురయ్యేది టీఎస్ఐఏ2 (టెక్సస్ సక్సెస్ ఇనిషియేటివ్ అసెస్‌మెంట్) అనే ప్లేస్‌మెంట్ పరీక్ష, మామూలుగా టీఎస్ఐ అంటారు. సెంటర్ దాకా వెళ్లి రాయకుండానే తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు, దీని పేరు చెప్పి డబ్బు తీసుకునే 'కన్సల్టెంట్లూ' ఉన్నారు.

ముందు ఒక మాట. ఇది ఎంసెట్ కాదు. ర్యాంకు లేదు, సీటు పోవడం లేదు. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీల్లో మామూలు కోర్సులకు అడ్మిషన్ అందరికీ ఉంటుంది. ఈ పరీక్ష తేల్చేది ఒక్కటే: కాలేజీ స్థాయి ఇంగ్లిష్, మ్యాథ్స్ క్లాసుల్లో మిమ్మల్ని నేరుగా కూర్చోబెట్టాలా, లేక దానితో పాటు ఇంకో సపోర్ట్ క్లాసు కూడా ఇవ్వాలా అన్నది. ఆ సపోర్ట్ క్లాసుకు విడిగా ఫీజు పడవచ్చు కాబట్టి పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. అంతేగాని నిద్ర మానుకునేంత టెన్షన్ అక్కర్లేదు. హైస్కూల్లో ఉండగానే డ్యుయల్ క్రెడిట్ (స్కూలుకూ కాలేజీకీ రెండిటికీ లెక్కలోకి వచ్చే కోర్సులు) తీసుకునే పిల్లల విషయం వేరు. వాళ్లకు కోర్సులో చేరనిస్తారా లేదా అన్నదే ఈ స్కోరు మీద ఆధారపడవచ్చు.

అందరూ రాయాల్సిన పని లేదు. శాట్ (అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష)లో ఇంగ్లిష్ విభాగంలో 480, మ్యాథ్స్‌లో 530 వచ్చి, ఐదేళ్లు దాటకపోతే ఆయా సబ్జెక్టులకు మినహాయింపు ఉంటుంది. ఒకదానిలోనే ఆ స్కోరు ఉంటే రెండోది మాత్రం రాయాలి. ఇండియాలో డిగ్రీ చేసినవాళ్లు పరీక్ష బుక్ చేసుకునే ముందు కాలేజీ అడ్వైజర్‌ను అడగండి. ఆ డిగ్రీని ఒప్పుకుంటారా, ఎవాల్యుయేషన్ రిపోర్ట్ (మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పే కాగితం) కావాలా, ఎవరు చేసింది కావాలి అని. వాళ్లు చెప్పకముందే ఎవరో అన్నారని డబ్బు కట్టి ఎవాల్యుయేషన్ చేయించకండి.

దరఖాస్తు సంగతి సులువే. అప్లై టెక్సస్ పోర్టల్‌లోగానీ, మీ కాలేజీ సొంత సైట్‌లోగానీ అప్లికేషన్ నింపితే విద్యార్థి ఐడీ నంబరు వస్తుంది. దానితో కాలేజీ అకౌంట్ తెరుచుకుని టెస్టింగ్ సెంటర్ పేజీకి వెళ్లాలి. ఇక్కడి వరకు దాదాపు ఎవరూ తడబడరు.

తడబడేది ఆ తర్వాత. పరీక్షకు ముందు ప్రీ అసెస్‌మెంట్ యాక్టివిటీ అని ఒకటి పూర్తి చేయాలి. పీఏఏ అంటారు. కాలేజీలు దీన్ని ఆన్‌లైన్‌లో ఇస్తాయి. పరీక్ష ఎందుకు, ఎలా ఉంటుంది, స్కోరు రాకపోతే ఏం చేయాలి, కొన్ని నమూనా ప్రశ్నలు, ఇంతే అందులో ఉండేది. చూడ్డానికి ఏదో ప్రకటనలాగా ఉండటంతో మనవాళ్లు దాన్ని దాటేసి నేరుగా పరీక్ష టైమ్ బుక్ చేసుకుంటారు. కానీ పీఏఏ రాష్ట్ర నిబంధన. అది పూర్తయినట్టు ఆధారం లేకపోతే సెంటర్‌లో కూర్చోనివ్వరు. బతిమాలితే పని జరగదు, ఎదుట ఉన్న ఉద్యోగి చేతిలో కూడా ఏమీ ఉండదు.

సగం చేసి వదిలేసినవాళ్లది ఇంకో తిప్పలు. నమూనా ప్రశ్నలు అయిపోగానే పని అయిపోయిందనుకుని బ్రౌజర్ మూసేస్తారు. చివరి పేజీ దాకా వెళ్లాలి. అక్కడ మీ పేరుతో పూర్తయినట్టు సర్టిఫికెట్‌గానీ, మెసేజ్‌గానీ కనిపిస్తుంది. దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి, ఒక ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా ఉంచుకోండి. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ రాస్తుంటే ఎవరి ఐడీతో వాళ్లే చేయాలి. ఒకరి లాగిన్‌లో ఇద్దరూ చేస్తే ఒక్కరి పేరే నమోదవుతుంది. ఒక కాలేజీలో చేసిన పీఏఏను మరో కాలేజీ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కాలేజీ మారితే ఫోన్ చేసి కనుక్కోండి.

పీఏఏ చేసిపెడతామని డబ్బు అడిగితే ఇవ్వకండి. ఒక పూటలో అయిపోయే పని అది. పైగా మీరే చేస్తే పరీక్ష ఎలా ఉంటుందో తెలుస్తుంది. పరీక్ష తయారు చేసే కాలేజ్ బోర్డ్ వాళ్లే ప్రాక్టీస్ ప్రశ్నలు ఉచితంగా ఇస్తున్నారు. కోచింగ్ కావాలనుకుంటే మీ ఇష్టం, కానీ 'మా దగ్గర చేరితేనే అప్పాయింట్‌మెంట్ దొరుకుతుంది' అనే మాట మాత్రం నమ్మకండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. కాలేజీ అప్లికేషన్‌లో ఒకలా, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకోలా ఉంటే టెస్టింగ్ సెంటర్‌లో ప్రశ్నలు మొదలవుతాయి. పరీక్షకు తీసుకెళ్లబోయే గుర్తింపు కార్డును ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నట్టే అప్లికేషన్ నింపండి.

ఇక పరీక్ష. రెండు భాగాలు: ఇంగ్లిష్, మ్యాథ్స్. ఇంగ్లిష్‌లో ఒక వ్యాసం కూడా ఉంటుంది, 300 నుంచి 600 పదాలు. బట్టీ పట్టుకెళ్లిన వ్యాసం అడిగిన విషయానికి అతకకపోతే స్కోరు రాదు. టైమ్ లిమిట్ లేదు, కానీ సెంటర్ మూసే వేళ ఉంటుంది కాబట్టి పొద్దున స్లాట్ తీసుకోవడం మంచిది. ఒకసారి దాటిన ప్రశ్నకు వెనక్కి వెళ్లలేరు. సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లకూడదు, అవసరమైన ప్రశ్నలకు స్క్రీన్ మీదే వస్తుంది.

ఇంగ్లిష్‌లో 945, వ్యాసంలో 8కి 5, మ్యాథ్స్‌లో 950 వస్తే చాలు. మొదటి విడతలో మ్యాథ్స్‌కు 20, ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు. ఆ స్కోరు రాకపోతే పరీక్ష ఆగదు, 48 ప్రశ్నల డయాగ్నస్టిక్ (మీ స్థాయిని ఇంకా వివరంగా చూసే భాగం) దానంతట అదే మొదలవుతుంది. 'అయిపోవాల్సింది ఇంకా వస్తోందేంటి' అని కంగారుపడి ఏదో ఒకటి నొక్కేసి లేచి వచ్చేవాళ్లు ఉన్నారు. నిజానికి అది రెండో అవకాశం. మ్యాథ్స్‌లో అక్కడ లెవెల్ 6 తెచ్చుకుంటే పాసైనట్టే. ఇంగ్లిష్‌కు లెవెల్ 5గానీ 6గానీ, దాంతోపాటు వ్యాసంలో కనీసం 5 ఉంటే చాలు. అలసిపోతే అక్కడి వాళ్లకు చెప్పండి, సేవ్ చేసి తర్వాత పూర్తి చేసే వీలుంది.

స్కోరు రాకపోతే మళ్లీ రాయవచ్చు. ఎన్నాళ్లు ఆగాలి, ఫీజెంత అన్నది మీ కాలేజీ టెస్టింగ్ పేజీలోనే చూడండి, పక్కింటివాళ్ల కాలేజీ లెక్క మీకు వర్తించదు. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, టెక్సస్‌లోని ఇతర ప్రభుత్వ కాలేజీలకూ పనికొస్తుంది కాబట్టి రిపోర్ట్ కాపీ దాచుకోండి.

చివరగా, పరీక్షతో సంబంధం లేకపోయినా క్లాసులు నమోదు చేసుకునేటప్పుడు చాలామందిని ఆపేసేది మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా. 22 ఏళ్లలోపు వయసుండి క్యాంపస్‌కు వెళ్లి చదివేవాళ్లు క్లాసులు మొదలయ్యే రోజుకు కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఆ కాగితం అప్‌లోడ్ చేయాలి. ఇండియాలో ఇదివరకే వేయించి ఉంటే ఆ రికార్డు తెప్పించుకుని, టీకా పేరు, తేదీ ఇంగ్లిష్‌లో స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకుని పంపండి.