యువజన సంఘం రక్తదాన శిబిరాన్ని ఎలా నిర్వహించాలి?

ఏదైనా సేవా కార్యక్రమం చేద్దామని యువజన సంఘం కూర్చుంటే మొక్కలు నాటడం, చెరువు గట్టు శుభ్రం చేయడం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పడం వంటి ఆలోచనలు వస్తాయి. అన్నీ చేయదగ్గవే. వీటితో పాటు దాదాపు ప్రతి సంఘం ఏదో ఒకనాడు చేపట్టేది రక్తదాన శిబిరం. అభిమాన నటుడి పుట్టినరోజో, నాయకుడి పుట్టినరోజో చూసి పెద్ద ఫ్లెక్సీ కట్టి, ఒకే రోజు వందమంది చేత రక్తం ఇప్పించి, ఫొటోలు దిగి ముగించేస్తారు. ఆ వందమంది మంచి మనసును తక్కువ చేయడం లేదు. కానీ అదే శ్రమను ఏడాదిలో నాలుగు భాగాలుగా పంచితే ఎంతో ఎక్కువ మందికి మేలు జరుగుతుంది.

దానికి కారణం రక్తానికి ఉన్న నిల్వ గడువు. దాత ఇచ్చిన రక్తం నుంచి వేరుచేసిన ఎర్ర రక్తకణాలు, వాటిలో కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజుల వరకే పనికివస్తాయి. రక్తస్రావం ఆగడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల గడువు ఐదు రోజులే. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను మాత్రం మంచులా గట్టిపడేలా చల్లబరిచి ఏడాది దాకా ఉంచవచ్చు. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, జీవితాంతం, రక్తం ఎక్కించాలి. ఆగస్టులో ఊరంతా కలిసి ఇచ్చిన రక్తం నవంబరులో ఆ పిల్లలకు ఉపయోగపడదు. పైగా ఒకసారి ఇచ్చిన పురుషుడు 90 రోజులు, స్త్రీ 120 రోజులు ఆగితే గానీ మళ్లీ ఇవ్వకూడదు. అందరూ ఒకేసారి ఇచ్చేస్తే, ఆ మూడు నెలల్లో ఊళ్లో ప్రసవం కష్టమైన తల్లికి రక్తం కావలసి వచ్చినప్పుడు ఇవ్వగలిగే మనిషి దొరకడు.

ముందు క్యాలెండరు, తరువాతే ఫ్లెక్సీ

శిబిరానికి కనీసం నెల ముందు కూర్చుని ఏడాదికి నాలుగు తేదీలు రాసుకోండి. అందులో ఒకటి తప్పనిసరిగా ఏప్రిల్ చివర లేదా మే నెలలో ఉండాలి. రక్తదాతల్లో చాలామంది కళాశాల విద్యార్థులు కాబట్టి, సెలవులు రాగానే శిబిరాలు తగ్గిపోతాయి. ఎండకు భయపడి మిగతావారూ ముందుకు రారు. బ్లడ్ బ్యాంకులలో కొరత కనిపించేది అప్పుడే. వేసవిలో ఉదయం ఏడు గంటలకే మొదలుపెట్టి పదకొండు లోపు ముగించండి. రెండోది వానాకాలంలో, డెంగీ కేసులు పెరిగే రోజుల్లో పెట్టుకోవచ్చు. మూడోది దీపావళి దాటాక, నాలుగోది సంక్రాంతి సెలవుల్లో పెడితే హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఊరికి వచ్చిన యువత కూడా కలిసి వస్తుంది.

తేదీ వేసేటప్పుడు ఉపవాసాలు చూసుకోండి. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు, దానికి ముందు నాలుగు గంటల లోపు ఏదైనా తిని ఉండాలి. కార్తీక సోమవారం, శివరాత్రి, తొలి ఏకాదశి, రంజాన్ ఉపవాస దినాలు ఇందుకు తగవు. అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవారిని మాల తీసేదాకా ఆగమనండి. నాట్లు, కోతలు ముమ్మరంగా సాగే వారాలను కూడా వదిలేయండి. పొలంలో వంగి పని చేయాల్సిన మనిషిని అదే రోజు రక్తం ఇవ్వమనడం న్యాయం కాదు.

దాతలను జట్లుగా విడదీయండి

ఇది చాలా సంఘాలు చేయని పని. మీ దగ్గర 80 మంది పేర్లు ఉన్నాయనుకుందాం. వారిని నాలుగు జట్లుగా చేసి, ఒక్కో శిబిరానికి ఒక్కో జట్టును పిలవండి. ప్రతి శిబిరానికీ 20 మందే వస్తారు, పత్రికలో ఫొటో పెద్దగా పడకపోవచ్చు. అయినా ఏ నెలలో చూసినా మీ ఊళ్లో ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న దాతలు ఉంటారు. అంత తక్కువమంది కోసం బ్లడ్ బ్యాంకు బృందం రాలేనంటే పక్క ఊరి సంఘంతో కలవండి. అదీ కుదరకపోతే జట్టు మొత్తం ఆటోలో జిల్లా ఆసుపత్రికి వెళ్లి అక్కడే ఇచ్చి రావచ్చు. అసలు సేవకు షామియానా అవసరం లేదు.

బ్లడ్ బ్యాంకుతో మాట్లాడటం

రక్తం సేకరించే అధికారం లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకుకే ఉంటుంది. సంఘం పని దాతలను, స్థలాన్ని సిద్ధం చేయడం. మొదట ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకును గానీ, రెడ్‌క్రాస్‌ను గానీ అడగండి. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు నిల్వ ఎంత ఉందో ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో చూడవచ్చు. మీకు నచ్చిన తేదీ ఒక్కటే చెప్పకుండా, వారికి ఎప్పుడు అవసరమో అడగండి. సేకరించిన రక్తం ఎవరికి వెళుతుందో, తలసేమియా పిల్లలకు ఉచితంగా ఇస్తారో లేదో కూడా ముందే తెలుసుకోండి. అలా అడగడం మర్యాద తక్కువ పని కాదు, దాతల తరఫున మీ బాధ్యత.

స్థలం విషయంలో పెద్ద పట్టింపులు లేవు. పాఠశాల గది, గ్రంథాలయం, చిన్న కల్యాణ మండపం ఏదైనా సరే. గాలి, వెలుతురు, కరెంటు, చేతులు కడుక్కునే నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి. ఆరుబయట టెంటు వద్దు.

ఎవరు ఇవ్వవచ్చో ముందే చెప్పండి

వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తానికి కనీసం 12.5 గ్రాములు ఉండాలి. 60 దాటాక మొదటిసారి ఇవ్వడానికి వీల్లేదు. గత ఏడాదిలో పచ్చబొట్టు వేయించుకున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరు నెలల లోపు డెంగీ వచ్చి తగ్గినవారు ఆగాలి. మందులు వాడుతున్నవారి విషయం శిబిరంలో వైద్యుడు తేలుస్తాడు. ఈ వివరాలు చాటింపులో, వాట్సాప్ సందేశంలో, పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టండి. సెలవు పెట్టుకుని వచ్చిన మనిషి వెనుదిరిగే బాధ తప్పుతుంది.

రక్తం ఇస్తే నీరసించిపోతామని పెద్దలు భయపడతారు. వారిని కసురుకోకుండా కూర్చోబెట్టి చెప్పండి. పెద్దవారి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది, తీసుకునేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. తగ్గిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో, రక్తకణాలు కొన్ని వారాల్లో తిరిగి సమకూరుతాయి. ఇంట్లో అమ్మకు ఈ మాట నచ్చితే కొడుకు ప్రతిసారీ వస్తాడు.

బలవంతం లేదు, బహుమతి లేదు

ఈ భాగాన్ని దయచేసి తొందరగా దాటవేయకండి. రక్తం ఇచ్చే ముందు దాత ఒక ప్రశ్నపత్రం నింపాలి. అందులో అనారోగ్యాల గురించి, వ్యక్తిగత జీవితం గురించి సూటి ప్రశ్నలు ఉంటాయి. సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. కానీ ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకని కాలం ఒకటి ఉంటుంది. అప్పుడు రోగిని కాపాడేది దాత రాసే నిజాయతీ గల జవాబే. పక్కన నలుగురు స్నేహితులు తొంగి చూస్తుంటే ఆ జవాబు రాదు. అందుకే ప్రశ్నపత్రం నింపే చోటు, వైద్యుడు మాట్లాడే చోటు విడిగా, తెర చాటున ఉండాలి. మీ సభ్యులెవరూ అక్కడ నిలబడకూడదు.

వెనక్కి వచ్చినవారిని ‘ఎందుకు వద్దన్నారు?’ అని అడగకండి. రక్తం ఇవ్వనివారి మీద మైకులో మాటలు విసరకండి. కుక్కరు, హెల్మెట్ వంటి బహుమతులు పెడితే, వాటి కోసం జబ్బు దాచుకుని వచ్చే ప్రమాదం ఉంది. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి 1998 జనవరి 1 నుంచి దేశంలో నిషేధమైంది. బహుమతులు మనల్ని మళ్లీ ఆ దారికే తీసుకువెళతాయి. ప్రశంసాపత్రం, దాత కార్డు చాలు.

శిబిరం రోజున

సూది పెట్టి తీసేది పది నిమిషాల లోపే అయినా, నమోదు నుంచి విశ్రాంతి దాకా ఒక్కొక్కరికి ముప్పావు గంట పడుతుంది. అందరినీ తొమ్మిదింటికే రమ్మంటే ఎండలో వరుస కట్టాల్సి వస్తుంది. అరగంటకు ఐదారుగురి చొప్పున సమయం కేటాయించండి.

18 నిండని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నిజమైన బాధ్యతలు ఇవ్వండి. నమోదు బల్ల దగ్గర పేర్లు రాయడం, వచ్చినవారందరికీ ముందుగా రెండు గ్లాసుల నీళ్లు తాగించడం, అరటిపండు, బిస్కెట్లు, మజ్జిగ అందించడం వారు చక్కగా చేస్తారు.

విశ్రాంతి స్థలంలో మాత్రం పెద్దవాడైన సభ్యుడొకడు కూర్చోవాలి. కళ్లు తిరగడం తరచుగా మంచం మీద కాదు, లేచి నడిచినప్పుడు జరుగుతుంది. ముఖం పాలిపోయి చెమట పడితే వెంటనే పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, వైద్యుణ్ని పిలవండి. ఎవరినీ పదిహేను నిమిషాల లోపు పంపించవద్దు. ఆ రోజు బరువులు ఎత్తవద్దని, పొగ, మద్యం జోలికి పోవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పండి.

వెనుదిరిగిన ఆడపిల్లల సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. కాబట్టి ఉత్సాహంగా వచ్చిన అమ్మాయిలలో చాలామంది హిమోగ్లోబిన్ పరీక్ష దగ్గరే ఆగిపోతారు. వారిని ఉత్త చేతులతో పంపడం నాకు సమ్మతం కాదు. వచ్చిన అంకెను చీటీ మీద రాయించి వారి చేతికే ఇప్పించండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లమని చెప్పండి. వీలైతే ఆ రోజే ఏఎన్ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ పిలిపించి ఐరన్ మాత్రల సంగతి మాట్లాడించండి. మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగితే ఐరన్ సరిగా ఒంటపట్టదని కూడా చెప్పాలి. మూడు నెలల తరువాత మళ్లీ రమ్మని ఆ అమ్మాయిలనే పిలవండి.

శిబిరం ముగిశాక

ఒక పుస్తకం తెరిచి దాత పేరు, గ్రూపు, ఫోను నంబరు, ఇచ్చిన తేదీ, మళ్లీ ఇవ్వగలిగే తేదీ రాయండి. పరీక్షల ఫలితాలు ఈ పుస్తకంలోకి రాకూడదు, అవి బ్లడ్ బ్యాంకుకూ దాతకూ మధ్య విషయం. నెగెటివ్ గ్రూపుల వారు మన దేశంలో చాలా తక్కువ. వారి పేర్లు వేరే పేజీలో ఉంచి, శిబిరంలోనే తీసుకోవాలా, అవసరం వచ్చినప్పుడు పిలవాలా అని బ్లడ్ బ్యాంకునే అడగండి. పుస్తకం ఒకరి దగ్గరే ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఫోను నంబర్లతో జాబితాలు తిప్పవద్దు.

రెండు రోజుల తరువాత ప్రతి దాతకూ ఫోను చేసి, చేయి నొప్పిగా ఉందా, నీరసంగా ఉందా అని కనుక్కోండి. అదే వారంలో రెండో జట్టులోని మొదటి పేరుకు కబురు పెట్టండి.