ఇంటి క్లస్టర్ మొరాయిస్తే మొదటి ప్రశ్న: ఏ నోడ్‌లో?

మా ఇంట్లో ఒక పాత ఇంటెల్ మినీ పీసీ, రెండు రాస్‌ప్బెరీ పై 4 బోర్డులు ఉన్నాయి. వైర్‌గార్డ్ (ఇంటర్నెట్ మీదుగా యంత్రాలను కలిపే గుప్త సొరంగం) ద్వారా వాటికి ఒక అద్దె క్లౌడ్ సర్వర్‌ను కలిపాను. నాలుగింటి మీదా కే3ఎస్ (ప్రోగ్రాములను చాలా యంత్రాలకు పంచి నడిపే కుబర్నెటీస్‌కు తేలిక రూపం) నడుస్తోంది. ఇలా కలిసి పనిచేసే యంత్రాల గుంపే క్లస్టర్, అందులో ఒక్కో యంత్రం ఒక నోడ్. ఇలాంటి కలగాపులగపు క్లస్టర్‌లో లాగ్‌లు తిరగేసే ముందు ‘కుబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్ -ఓ వైడ్’ కొట్టి, పాడ్ (కే3ఎస్ నడిపే ప్రోగ్రాము పొట్లం) ఏ నోడ్ మీద పడిందో చూడండి. సగం గుట్టు అక్కడే తెలిసిపోతుంది.

రాస్‌ప్బెరీ పై బోర్డు క్లస్టర్‌లో చేరనే చేరదు

కే3ఎస్ సర్వీసు మొదలైన వెంటనే ఆగిపోతుంది, లాగ్‌లో మెమరీ సీగ్రూప్ (ప్రోగ్రాములు వాడే మెమరీకి హద్దు పెట్టే లినక్స్ సదుపాయం) దొరకలేదని ఉంటుంది. రాస్‌ప్బెరీ పై ఓఎస్‌లో అది మామూలుగా ఆపేసి ఉంటుంది. బూట్ అమరికలుండే సీఎండీలైన్ ఫైలు చివర ‘సీగ్రూప్_మెమరీ=1 సీగ్రూప్_ఎనేబుల్=మెమరీ’ చేర్చి రీబూట్ చేయండి. ఆ ఫైలంతా ఒకే వరుసలో ఉండాలి. ఎంటర్ కొట్టి కింది వరుసలో రాస్తే ఫలితం ఉండదు.

రాస్‌ప్బెరీ పై మీద పడిన పాడ్ మాత్రమే పదేపదే కూలిపోతుంది

స్థితి క్రాష్‌లూప్‌బ్యాకాఫ్, లాగ్‌లో ఒకే మాట: ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’. అదే పాడ్ మినీ పీసీ మీద పడితే హాయిగా నడుస్తుంది. ప్రోగ్రాములో తప్పు లేదు. ఇంటెల్ కోసం కట్టిన ఇమేజ్‌ను (నడవడానికి సిద్ధంగా కట్టిన ప్రోగ్రాము మూటను) పై బోర్డులోని ఏఆర్ఎం ప్రాసెసర్‌కు అప్పగించాం, అంతే. ఇమేజ్‌లు కట్టే డాకర్ బిల్డెక్స్‌తో ఏఎండీ64 (ఇంటెల్ రకం), ఏఆర్ఎం64 రెండింటికీ ఒకేసారి కట్టి పంపండి. రెండు యంత్రాల్లో విడివిడిగా కట్టి ఒకే ట్యాగ్‌తో (పేరు చీటీతో) పంపితే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. కొత్త ఇమేజ్‌కు కొత్త ట్యాగ్ ఇవ్వండి, లేకపోతే నోడ్ తన దగ్గరున్న పాతదాన్నే వాడుకోవచ్చు. వేరేవాళ్ల ఇమేజ్‌కు ఏఆర్ఎం రూపం లేకపోతే నోడ్‌సెలెక్టర్‌తో (పాడ్ ఏ నోడ్ మీద నడవాలో చెప్పే అమరికతో) దాన్ని మినీ పీసీకే కట్టేయడం తేలికైన మార్గం.

పింగ్ వెళ్తుంది, పేజీ తెరుచుకోదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఇంటి పాడ్ నుంచి క్లౌడ్ పాడ్‌కు పింగ్ (అవతలివైపు పలుకుతుందో లేదో చూసే చిన్న సందేశం) వెళ్తుంది, పేరు వెతికితే చిరునామా వస్తుంది, హెల్త్ చెక్ పచ్చగా కనిపిస్తుంది. పెద్ద జవాబు రావలసి వచ్చినప్పుడు మాత్రం కనెక్షన్ నోరు మూసుకుని కూర్చుంటుంది. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. ఇంట్లోని నోడ్‌ల మధ్య ఏ ఇబ్బందీ లేదు. అంటే తేడా దారిలో ఉంది.

లెక్క ఇది. ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్ హద్దు 1500 బైట్లు. వైర్‌గార్డ్ అందులోంచి 80 పక్కన పెట్టి తన ఎంటీయూను (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని) 1420గా పెట్టుకుంటుంది. కానీ మా బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ (లాగిన్‌తో కనెక్షన్ ఇచ్చే పద్ధతి) మీద వస్తుంది. అది ఇంకో 8 తినేసి 1492 మాత్రమే మిగులుస్తుంది. సొరంగం ఐపీవీ6 మీద వెళ్తే నిండు ప్యాకెట్ 1420కి 80 కలిసి మళ్లీ 1500 అవుతుంది, ఆ ఇరుకు సందులో పట్టదు. చిన్నవి దాటిపోతాయి, పెద్దవి ఇరుక్కుంటాయి.

వైర్‌గార్డ్ అమరికలో రెండు చివరలా ఎంటీయూ 1412 అని రాయండి. ప్రతి నోడ్‌లోనూ కే3ఎస్‌కు ఫ్లానెల్ (పాడ్‌ల మధ్య నెట్‌వర్క్ కలిపే భాగం) ఇంటర్‌ఫేస్‌గా వైర్‌గార్డ్‌నే చూపండి. వీఎక్స్‌ల్యాన్ (పాడ్ ప్యాకెట్లను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే పద్ధతి) కోసం ఫ్లానెల్ తనంతట తానే 50 తగ్గించి 1362కి వస్తుంది. అప్పటికే నడుస్తున్న పాడ్‌లు పాత సంఖ్యనే పట్టుకుని ఉంటాయి కాబట్టి నోడ్‌లను రీబూట్ చేయడం మేలు. తర్వాత ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దని చెప్పి, ఇంటి పాడ్ నుంచి క్లౌడ్ పాడ్‌కు 1334 బైట్ల పింగ్ పంపండి (హెడర్లకు పోయే 28 కలిపితే 1362). అది వెళ్లి, 1335 వెళ్లకపోతే లెక్క కుదిరినట్టే.

కరెంటు పోయి వచ్చాక డేటాబేస్ పాడ్ పెండింగ్‌లో ఉండిపోతుంది

‘కుబ్‌సీటీఎల్ డిస్క్రైబ్’తో చూస్తే వాల్యూమ్‌కూ (డేటా నిల్వకూ) నోడ్‌కూ పొత్తు కుదరలేదని ఉంటుంది. కే3ఎస్‌తో వచ్చే లోకల్‌పాత్ నిల్వ ఏ నోడ్‌లో పుట్టిందో ఆ నోడ్‌కే అతుక్కుని ఉంటుంది. ఆ బోర్డు లేవకపోతే పాడ్ ఇంకెక్కడా లేవదు. ముందు ఆ బోర్డును లేపండి. ఆ తర్వాత డేటాను మినీ పీసీలోని ఎస్ఎస్‌డీకి మార్చి, డేటాబేస్‌ను అక్కడికే కట్టేయండి. లాంగ్‌హార్న్ అనే నిల్వ వ్యవస్థతో అన్ని నోడ్‌లకూ నకళ్లు పెట్టవచ్చు గానీ, ఎస్‌డీ కార్డుల మీద నడిచే పై బోర్డుల మీద ఆ బరువు నేనైతే పెట్టను.