సైలెన్సర్ పాఠాలు 4: రెండు మూతులుంటే రెండు దారులున్నట్టేనా?

కిందటి పాఠంలో మీ కారు ఎగ్జాస్ట్ పైపు ఎంత లావుందో కొలిచి పంపమన్నాను. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం నుంచి వచ్చిన కొలతల్లో చాలావాటిలో ఒకటే తేడా కనిపించింది. 1200 సీసీ పెట్రోల్ కారుకు 63 మిల్లీమీటర్లని ఒకరు, 76 అని ఇంకొకరు రాశారు. మీరు కొలిచింది బంపర్ కింద మెరిసే మూతిని. అది తొడుగు మాత్రమే. టార్చి వేసి లోపలికి చూడండి, అసలు పైపు దానికంటే ఎంత సన్నగా ఉందో తెలుస్తుంది.

కాబట్టి ఎగ్జాస్ట్ పైపు సింగిలా (ఒకటి) డబులా (రెండు) అనే మాటకు ముందు కొలత సరిచేసుకుందాం. బండి పూర్తిగా చల్లారాక, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కీ మధ్య సైలెన్సర్‌కీ నడుమ ఉన్న తిన్నటి పైపుకు నూలు దారం ఒక చుట్టు చుట్టండి. దారం పొడవును 3.14తో భాగిస్తే బయటి వ్యాసం వస్తుంది. అందులోంచి రేకు మందానికి రెండింతలు తీసేయండి. దారం 151 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, బయటి వ్యాసం 48. రేకు ఒకటిన్నర మిల్లీమీటర్లయితే లోపల 45. పొగ నడిచేది ఆ 45లోనే.

ఇప్పుడు మీలో చాలామంది అడిగిన ప్రశ్న. "మాస్టారూ, రెండంగుళాల పైపులు రెండు వేస్తే నాలుగంగుళాల పైపు వేసినట్టే కదా?" కాదు. షెడ్డుల్లో ఈ లెక్క చెప్పి డబ్బు ఖర్చు పెట్టిస్తున్నారు, అందుకే దీన్ని సాగదీసి చెబుతున్నాను. పైపులో పట్టేది వ్యాసాన్ని బట్టి కాదు, వ్యాసం వర్గాన్ని బట్టి. రెండు రెళ్ళు నాలుగు, అలాంటివి రెండు కాబట్టి ఎనిమిది. నాలుగంగుళాల పైపుకు నాలుగు నాళ్ళు పదహారు. అంటే మీ రెండు పైపులూ కలిసినా అందులో సగమే. ఆ రెండూ కలిపి 2.83 అంగుళాల పైపు ఒక్కదానితో సమానం.

మిల్లీమీటర్లలో చూద్దాం. 38 పైపులు రెండు కలిస్తే 54 పైపు ఒకటి. 50 పైపులు రెండు కలిస్తే 71 పైపు ఒకటి. సింగిల్ నుంచి డబుల్‌కు మారాలంటే పాత వ్యాసాన్ని 0.7తో గుణించండి, ఒక్కో పైపు ఎంతుండాలో వస్తుంది. నేనెప్పుడూ ఇదే వాడతాను, కాలిక్యులేటర్ అక్కర్లేదు. మీ 45 పైపును రెండుగా చీల్చాలంటే ఒక్కోటి 32 చాలు. షెడ్డులో మాత్రం చేతికందిన 50 పైపులు రెండు పెట్టేస్తారు. అప్పుడు దారి రెండున్నర రెట్లు వెడల్పవుతుంది, పొగ వేగం ఆ మేరకు పడిపోతుంది. వేగంగా వెళ్ళే పొగ తన వెనక ఖాళీని వదిలి, తర్వాతి సిలిండర్ పొగను లాక్కుంటుంది. మధ్య పైపు నుంచే ఇంత వెడల్పు చేస్తే ఆ లాగుడు తగ్గి, తక్కువ ఆర్‌పీఎంలో పికప్ పోతుంది. ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్ (పొగను వెనక్కి నెట్టే ఒత్తిడి) కావాలని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. కావలసింది వేగం.

ఇంకో సంగతి, 38 పైపులు రెండిటికి లోపలి గోడ 54 పైపు ఒక్కదానికంటే 40 శాతం ఎక్కువ. పొగ రాసుకునే చోటు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది.

మరి వెనక సైలెన్సర్ దాటాక చీలిస్తే? ఋషికుల్య కాలువకు ఒక చోట తూము ఒకటే ఉంటే, దాని కింద రెండు పిల్ల కాలువలు తవ్వినా నీళ్ళు పెరగవు. మీ మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు మానిఫోల్డ్ (అన్ని సిలిండర్ల పొగనూ ఒక పైపులోకి చేర్చే భాగం) ఒకటే, క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) ఒకటే. చివర్లో మూతులు రెండయినా శబ్దం కాస్త మారుతుందేమో గానీ బలం పెరగదు. పైగా వాయువు వెనక్కి వచ్చేకొద్దీ చల్లారుతుంది. 800 డిగ్రీలున్నది 350కి దిగితే దాని పరిమాణం 40 శాతానికి పైగా తగ్గుతుంది. వెడల్పు అవసరమైతే అది ముందు భాగంలోనే. అందరూ ఖర్చు పెట్టేది వెనక.

నిజంగా రెండు దారులు కావలసింది వీ6, వీ8 ఇంజన్లకు. సిలిండర్లు రెండు వరసలుగా ఉంటాయి కాబట్టి మానిఫోల్డులూ రెండు. మన దేశంలో అమ్మిన 5 లీటర్ల ఫోర్డ్ మస్టాంగ్ అలాంటిదే. అక్కడ కూడా రెండు పైపుల మధ్య హెచ్ ఆకారంలోనో ఎక్స్ ఆకారంలోనో అడ్డ పైపు వేసి కలుపుతారు. మీలో ఎవరి దగ్గరా ఆ బండి లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నా ఎంపిక సింగిల్. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, మాండ్రెల్ బెండు, అంటే లోపల దన్ను పెట్టి నలగకుండా వంచింది. ప్రెస్ బెండు వేస్తే వంపు దగ్గర పైపు నలిగి సన్నబడుతుంది, మీరు కొన్న 50 అక్కడ 50గా ఉండదు. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్ళవాళ్ళు మైల్డ్ స్టీలు (మామూలు ఇనుము) జోలికి వెళ్ళొద్దు. పెట్రోల్ మండితే నీరు కూడా పుడుతుంది. బజారుకూ ఇంటికీ మధ్యే తిరిగే బండిలో ఆ నీరు ఆవిరి కాక సైలెన్సర్ లోపలే నిలుస్తుంది. డబుల్‌లో వంపు ఎక్కువున్న వైపు పొగ తక్కువ పోతుంది, అటు వైపు చల్లగా ఉంటుంది, ముందు తుప్పు పట్టేదీ అటే. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. రెండో సైలెన్సర్‌కు సాధారణంగా దొరికే చోటు స్టెప్నీ తొట్టి పక్కన, నేలకు దగ్గరగా. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న బండికైతే అసలు వద్దు.

క్యాట్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో క్యాట్ వెనక ఉన్న సెన్సర్ పట్టేస్తుంది, చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. శబ్దం, పొగ హద్దు దాటితే 2019 సవరణ ప్రకారం మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత.

ఇక అభ్యాసం. గుంట ఉన్న షెడ్డులోనే చేయండి, జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరకండి. మానిఫోల్డ్ నుంచి మూతి దాకా ఐదు చోట్ల లోపలి వ్యాసం లెక్క కట్టి, ఒక్కోదాని వర్గం పక్కన రాసి, అతి తక్కువ ఉన్న చోట ఎర్ర గీత పెట్టండి. వంపుల దగ్గర దారం సరిపోదు, రెండు వైపుల నుంచీ స్కేలుతో కొలవండి. ఇప్పటికే రెండు మూతులున్నవాళ్ళు ఉదయం ఆరుబయట చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక్కో మూతికి జానెడు దూరంలో అరచేయి పెట్టి, ఏ వైపు గాలి గట్టిగా వస్తోందో, ఏ వైపు నీళ్ళు కారుతున్నాయో రాయండి. తర్వాత అయస్కాంతం తీసుకుని రెండు సైలెన్సర్లకూ ఆనించండి. వంపు, వెల్డింగు లేని చోట గట్టిగా అంటుకుంటే అది 304 కాకపోవచ్చు. 304 అని చెప్పి అమ్మి ఉంటే బిల్లు ఫొటో కూడా పంపండి. కొత్త పైపు కొనేది మాత్రం మీ ఎర్ర గీత నేను చూశాకే.