రొంపకు కాదు, ఊపిరికి భయపడాలి

ధనుర్మాసం వచ్చిందంటే మా నరసన్నపేట వైపు పొద్దెక్కినా మంచు విడవదు. ఇంట్లో ఒకడికి రొంప పడితే వారం తిరక్కుండా అందరూ చీదుతుంటారు. చల్లగాలే కారణమని కిటికీలు బిగించేస్తాం. రొంప తెచ్చేది వైరస్. మూసిన గదిలో అది ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. ఎండ రాగానే కిటికీ తెరవండి. ఎవరైనా సరే, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పసిబిడ్డను ఎత్తుకోవాలి. 6, 14 వారాలకు, 9 నెలలకు వేసే న్యుమోనియా టీకా పడిందో లేదో కార్డు చూసుకోండి.

మామూలు రొంప వారం, పది రోజుల్లో అదే పోతుంది. గమనించాల్సింది ఊపిరి. బిడ్డ ఏడవనప్పుడు చొక్కా పైకెత్తి, నిండు నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా న్యుమోనియా కావచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరమొస్తే ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

మా అత్తగారికీ నాకూ ఏటా గొడవ సాంబ్రాణి దగ్గరే. స్నానం చేయించి పొగ వేస్తే జలుబు రాదంటారావిడ. ఏ పొగైనా పసి ఊపిరితిత్తులకు చేటే. ఈ ఏడాది అది దేవుడి గది దాటకూడదని రాజీకొచ్చాం. బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసి పడుకోవడం మరీ ప్రమాదం, బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు. ముక్కులో నూనె చుక్కలు వేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు.

డాక్టరు చెప్పకుండా దగ్గు సిరప్ పట్టొద్దు. ఏడాది దాటిన బిడ్డకు అర చెంచా తేనె ఇవ్వొచ్చు, ఏడాదిలోపు నాకించనే కూడదు. పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి అడగండి. డ్రాప్స్ సీసా సిరప్ కన్నా చాలా గాఢంగా ఉంటుంది. దాన్ని సిరప్‌లా చెంచాతో పోస్తే మోతాదు ఎన్నో రెట్లు మించిపోతుంది.

విరేచనాలైతే ఓఆర్ఎస్, డాక్టరు రాసిన జింకు 14 రోజులు. తగ్గాయని మధ్యలో మానొద్దు.

భోగినాడు చంటిబిడ్డను మంట పొగకు దూరంగా ఉంచండి. భోగిపళ్లు పోశాక ఒళ్లో పడిన సెనగలు, రేగిపళ్లు, చిల్లర డబ్బులు వెంటనే ఏరేయండి, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.