క్రేన్ ఎంచుకోవడం – 4వ పాఠం: రోజుకు హాయిస్ట్ ఎంతసేపు తిరుగుతుంది?

ఈ వారం జిబ్ క్రేన్ (స్తంభానికి చేయిలా బిగించి తిప్పే క్రేన్) దాకా వెళ్దామనుకున్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన ఐస్ ప్లాంటు లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. జిబ్ వచ్చేసారి చూద్దాం.

లెక్క మళ్లీ చెబుతాను. భీమవరం దగ్గర రొయ్యలకు ఐసు ఇచ్చే ప్లాంటు. బ్రైన్ ట్యాంకులో, అంటే నీళ్ల డబ్బాలను ముంచి ఐసు గడ్డకట్టించే చల్లటి ఉప్పునీళ్ల తొట్టిలో, వరసకు 10 డబ్బాలు, ఒక్కో దిమ్మ 150 కిలోలు. వరసంతా ఒకేసారి ఎత్తాలి. దానికి ఎన్ని టన్నుల హాయిస్ట్ (హుక్కుతో బరువు ఎత్తి దింపే యంత్రం) కావాలి? దాదాపు అందరూ 1,500 కిలోలని వేసి, 2 టన్నులది చాలు, ఇంకా 500 కిలోలు మిగులుతుంది అని రాశారు.

హుక్కుకు వేలాడేది ఐసు ఒక్కటే కాదు. డబ్బా ఉంది, పది డబ్బాలను కలిపి పట్టే ఇనుప ఫ్రేము ఉంది. వీటి బరువు నేను ప్రశ్నలో ఇవ్వలేదు, కానీ ఎవరైనా అడుగుతారని ఎదురుచూశాను. డబ్బా 25 కిలోలు, ఫ్రేము 200 కిలోలు అనుకోండి. 1,500, 250, 200 కలిపితే 1,950 కిలోలు. మిగిలింది 50 కిలోలు. హాయిస్ట్ మీద రాసి ఉండే సామర్థ్యంలో హుక్కు కింద మీరు తగిలించే ప్రతిదీ లెక్కకు వస్తుంది. స్లింగు, స్ప్రెడర్ బీమ్, మాగ్నెట్, గ్రాబ్, అన్నీ. కొలిచే వీలుంటే కాటా మీద పెట్టి కొలవండి. కేటలాగులో అంకె కంటే కాటా అంకెనే నేను నమ్ముతాను.

ఇక అసలు పాఠం. 1,950 కిలోలను 2 టన్నుల హాయిస్ట్ ఎత్తుతుంది, అందులో అనుమానం లేదు. రోజూ, ఇన్నిసార్లు, ఎన్నేళ్లు ఎత్తుతుందన్నదే ప్రశ్న. దానికి జవాబే డ్యూటీ క్లాస్. కొటేషన్‌లో ఎం3, ఎం5 అని ఓ మూల చిన్నగా రాసి ఉంటుంది. ధర చూసినంత శ్రద్ధగా దాన్నీ చూడాలి.

వరసకు ఒక ఎత్తుడు, ఒక దింపుడు అనుకునేవాళ్లు ప్లాంటులో ఓ గంట నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. బ్రైన్ ట్యాంకు నుంచి పైకి 2 మీటర్లు. దిమ్మ డబ్బాను వదలడానికి మామూలు నీళ్ల తొట్టిలోకి కిందికి 1.5, మళ్లీ పైకి 1.5. ఒంపే చట్రం మీదికి కిందికి 0.5. దిమ్మలు జారిపోయాక డబ్బాల్లో నీళ్లు నింపుకుని పైకి 0.5. మళ్లీ బ్రైన్‌లోకి కిందికి 2. మొత్తం 8 మీటర్లు. రోజుకు 60 వరసలంటే 480 మీటర్లు. హాయిస్ట్ వేగం నిమిషానికి 3 మీటర్లయితే మోటారు తిరిగేది 160 నిమిషాలు. ఏడాదికి 300 రోజులు నడిస్తే 800 గంటలు.

ఇప్పుడు హాయిస్ట్ ఆయుష్షు చూద్దాం. యూరప్ ఎఫ్ఈఎం (అక్కడి క్రేన్లు, హాయిస్ట్‌ల తయారీదారుల సమాఖ్య) ప్రమాణంలో నిండు బరువుతో ఎన్ని గంటలు తిరగగలదో క్లాసు వారీగా ఇచ్చారు. ఎం3కి 400 గంటలు, ఎం4కి 800, ఎం5కి 1,600, ఎం6కి 3,200, ఎం7కి 6,300. ఇవి నిండు బరువుతో. బరువు తక్కువైతే ఆయుష్షు పెరుగుతుంది, అదీ మామూలుగా కాదు. ఎత్తే బరువును హాయిస్ట్ సామర్థ్యంతో భాగిస్తే వచ్చేది బరువు నిష్పత్తి. దాన్ని మూడుసార్లు వేసి గుణించి (అంటే ఘనం చేసి), వచ్చిన దానితో ఈ గంటలను భాగించాలి.

2 టన్నుల ఎం6 తీసుకున్నారనుకోండి. నిష్పత్తి 0.975, మూడుసార్లు గుణిస్తే 0.93. 3,200ను దానితో భాగిస్తే సుమారు 3,450 గంటలు, అంటే నాలుగేళ్ల పైచిలుకు. 3 టన్నుల ఎం6 అయితే నిష్పత్తి 0.65, మూడుసార్లు గుణిస్తే 0.275. సుమారు 11,600 గంటలు, పద్నాలుగేళ్లకు పైనే. అదే 3 టన్నుల్లో ధర తక్కువని ఎం3 తెస్తే 1,450 గంటలు. రెండేళ్లు నిండకముందే గేర్‌బాక్సు, బేరింగులు ఓవర్‌హాల్‌కు వస్తాయి. చేపల సీజన్లో ఐసు ఆగితే ఆ నష్టం ఎంతో ప్లాంటు నడిపేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. దిమ్మలు తీసే ప్రతిసారీ బరువు ఒకేలా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఒక్క నిష్పత్తితో పని జరిగింది. రకరకాల బరువులు ఎత్తే చోట సగటు ఎలా తీయాలో ఆరో పాఠంలో చెబుతాను.

బ్రైన్ ఉప్పునీరు కాబట్టి గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) రోప్, ఐపీ55 (ధూళి, నీటి జల్లు తట్టుకునే) మోటారు అడగండి. ప్లాంటులో చల్లబరచడానికి వాడే అమోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది, కాబట్టి ఇత్తడి భాగాలు ఎక్కడెక్కడ ఉన్నాయో సరఫరాదారును ముందే అడిగి తెలుసుకోండి.

రైసు మిల్లుకు ఈ లెక్కంతా అనవసరం. మండపేటలోనో తాడేపల్లిగూడెంలోనో ఏడాదికి నాలుగుసార్లు మోటారో గేర్‌బాక్సో దింపడానికి ఒక ఐ బీమ్, దానికి ట్రాలీ, చేత్తో లాగే చైన్ బ్లాక్ చాలు. కరెంటు హాయిస్ట్ పెట్టించి, ఊక ధూళిలో తుప్పు పట్టనిచ్చిన మిల్లులు చాలా చూశాను. నెలకు పది ఎత్తుడుల లోపు పనికి నేనెప్పుడూ చైన్ బ్లాకే చెబుతాను.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టే మాట. "3 టన్నులు సరే సార్, ఎందుకైనా మంచిది, 10 టన్నులు పెట్టించేద్దాం." ఈసారి 2 చాలని రాయని తొమ్మిది జవాబుల్లో ఈ ధోరణి ఉంది. పైన 2 నుంచి 3కి వెళ్లాం కదా అంటారు. అక్కడ లెక్క వేసి వెళ్లాం. భయంతో వెళ్లడం వేరు.

ఈఓటీ క్రేన్ (షెడ్డు పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్) బరువు చివరికి చక్రాల మీదుగా గ్యాంట్రీ గిర్డర్‌కు (పట్టాను మోసే దూలానికి), స్తంభాలకు, పునాదికి, మన మట్టికి దిగుతుంది. 12 మీటర్ల స్పాన్ (రెండు పట్టాల మధ్య దూరం), 5 టన్నుల క్రేన్. బ్రిడ్జి (పట్టాల మధ్య అడ్డంగా ఉండే దూలం) 4 టన్నులు, దాని మీద హాయిస్ట్‌తో కదిలే ట్రాలీ అర టన్ను అనుకోండి. ట్రాలీ ఒక పక్కకు మీటరు దూరం దాకా వచ్చినప్పుడు ఆ పక్క పడేది బ్రిడ్జిలో సగం 2 టన్నులు, ట్రాలీ, సరుకు కలిపి 5.5లో పన్నెండింట పదకొండు వంతులు. మొత్తం 7.04 టన్నులు. రెండు చక్రాలకు పంచితే 3.52. భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం కరెంటు క్రేన్‌కు కుదుపు కోసం 25 శాతం కలపాలి. చక్రానికి 4.4 టన్నులు.

అదే 10 టన్నుల క్రేన్‌కు బ్రిడ్జి 5.5, ట్రాలీ 0.9 వేసి చూడండి. చక్రానికి దాదాపు 8 టన్నులు వస్తుంది. మీరు ఎత్తే సరుకు మాత్రం ఆ 3 టన్నులు దాటదు. గిర్డర్, బ్రాకెట్, స్తంభం, పునాది అన్నీ 8కి కట్టాలి.

గట్టి నేల ఉన్న ఊళ్లో ఇది డబ్బు దండగ అంతే. డెల్టాలో అంతకంటే ఎక్కువ. మనది గోదావరి తెచ్చి పోసిన బంకమట్టి. వానలకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, కాస్త తవ్వితే నీళ్లు. కాలువ గట్టు పక్కన కట్టిన ఓ షెడ్డులో పని చేశాను. పేరు చెప్పను. మట్టి పరీక్ష చేయించకుండా, పాత స్తంభాల మీదే పెద్ద క్రేన్ ఎక్కించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి కాలువ వైపు స్తంభాలు కుంగి ఆ వైపు పట్టా దిగింది. ట్రాలీ బ్రేకు వదిలితే చాలు, తనంతట తానే అటు జారేది. చక్రాల ఫ్లాంజిలు పట్టాను గీరుతూ చేసే చప్పుడు గేటు దాకా వినిపించేది. కింద పనిచేసేవాళ్లు పైకి చూస్తూ పనిచేయాల్సిన పరిస్థితి. ఆ క్రేన్ ఎప్పుడూ 4 టన్నులు దాటి ఎత్తలేదు. అందుకే ఈ విషయంలో పట్టుబడతాను.

పాత షెడ్డు, తెలియని పునాది, 2 టన్నుల లోపు సరుకు అయితే నా ఎంపిక చక్రాల మీద కదిలే 'ఎ-ఫ్రేమ్' గ్యాంట్రీ, అంటే ఇంగ్లిషు A ఆకారపు కాళ్ల మీద నిలబడే చట్రం. స్తంభాల జోలికి పోదు. నేల మాత్రం చదునైన కాంక్రీటు అయి ఉండాలి.

అభ్యాసం: మీ ఫ్యాక్టరీలో ఒక క్రేన్ కింద పూర్తిగా ఒక షిఫ్టు కూర్చోండి, ఎనిమిది గంటలు. ప్రతి ఎత్తుడుకూ టైము, బరువు, హుక్కు పైకి ఎంత, కిందికి ఎంత రాయండి. ఆపరేటర్‌ను అడిగి రాయకండి, కళ్లతో చూసి రాయండి. తర్వాత నేమ్ ప్లేటు మీది క్లాసు తీసుకుని దాని ఆయుష్షు గంటలు కట్టండి. నేమ్ ప్లేటు మీద క్లాసు లేకపోతే అది కూడా రాసి పంపండి.