ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక ఆ 30 రోజులు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బండి నేర్పమని వచ్చే కుర్రాళ్లు ముందు అడిగేది ఇదే: "అన్నా, పాతపట్నంలో చుట్టాలున్నారు, లైసెన్సు ఆంధ్రాలో తీసుకోనా?" వద్దు. ఉంటున్నది గజపతి జిల్లాలో అయితే ఒడిశాలోనే అప్లై చేయండి. ఓడీ-20 ఆఫీసు, అంటే మా గజపతి ఆర్టీఓ ఇచ్చిన లైసెన్సు శ్రీకాకుళంలోనూ చెల్లుతుంది, ముంబయిలోనూ చెల్లుతుంది.

పరివాహన్ సారథి సైట్‌లో ఒడిశా ఎంచుకుని, గేర్లున్న మోటార్ సైకిల్‌కే పెట్టుకోండి. 18 ఏళ్లు నిండాలి. 16కే ఇస్తారనేది 50 సీసీ లోపు గేర్లు లేని బండ్ల మాట. ఇంట్లో ఉన్న 110 సీసీ స్కూటీకి అది పనికిరాదు. మైనర్ బండి నడుపుతూ దొరికితే ఇంటి పెద్దకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. తల్లిదండ్రులు ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకోవడానికి ముందుగా ఇచ్చే లైసెన్సు పరీక్షలో రోడ్డు గుర్తులు అడుగుతారు. ఎర్ర అంచు గుండ్రం వద్దంటుంది, నీలం గుండ్రం తప్పక చేయమంటుంది, త్రికోణం జాగ్రత్త చెబుతుంది.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు ఉంటుంది. వచ్చిన 30 రోజుల తర్వాతే అసలు పరీక్షకు వెళ్లొచ్చు. చాలామంది ఈ నెలంతా ఊరికే గడిపేసి, చివర్లో ఏజెంటు కోసం వెతుకుతారు. నాకు బాధ కలిగేది ఇక్కడే. నేర్చుకోవడానికి చట్టమే ఇచ్చిన నెల అది. ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అంటించి, వెనక లైసెన్సున్న నేర్పేవాణ్ణి తప్ప ఎవరినీ ఎక్కించుకోకుండా, తెల్లారగట్ల ఖాళీ మైదానానికి వెళ్లండి.

ముందు ఎనిమిది, అంటే 8 అంకె ఆకారంలో బండి తిప్పడం. ఫస్ట్ గేర్, సగం క్లచ్, యాక్సిలరేటర్ సన్నగా ఒకేలా. వేగం తగ్గించాలంటే వెనక బ్రేకే. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టుకుంటే బండి అక్కడికక్కడే పక్కకు ఒరిగిపోతుంది. చూపు ముందు చక్రం మీదికి దించకండి. మలుపు చివరికి తల తిప్పి చూస్తే బండి అటే పోతుంది. కాలు కింద పెట్టకుండా వరసగా తిరగడం వచ్చేదాకా రోడ్డెక్కొద్దు.

తర్వాత బ్రేకు. తిన్నగా పోతూ రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బిగించండి. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. వెనక బ్రేకొక్కటే తొక్కే అలవాటు మా ఊళ్లో చాలామందికి ఉంది, అది మానాలి.

ఇక మా రోడ్ల సంగతి. కోతలప్పుడు కాశీనగర్ వైపు తారు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. గింజలు ఎత్తేశాక కూడా రాళ్లు అక్కడే ఉండిపోతాయి. చీకటిపడ్డాక హెడ్‌లైట్ వెలుగులో దగ్గరికొచ్చేదాకా కనబడవు. రోడ్డు మీద పడ్డ గడ్డి మీద బండి ఒంచకండి, బ్రేకు వేయకండి, ముందే వేగం తగ్గించండి. ఆర్.ఉదయగిరి వైపు ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేయకండి. రెండో గేర్లోనో మూడో గేర్లోనో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

పరీక్షకు మీరు నేర్చుకున్న బండే తీసుకెళ్లండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ముందురోజే చూసుకోండి. ఐఎస్‌ఐ హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించాకే బండి స్టార్ట్ చేయండి.